నిజంగానే వెలుగొచ్చింది

మంగళవారం, రాత్రి.

మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ పిల్ల లక్ష్మి, పీహెచ్‌డీ చేస్తున్న కాబోయే డాక్టరమ్మ, ఏడాది కాచుకుని పెద్ద యంత్రంలో అయాన్లు కొట్టించుకొచ్చిన స్ఫటికం ఒక్కటే ఉంది. ఆ దెబ్బలకి లోపల వెలుగు పారే దారి పడుతుందట. తను ఇటునుంచి లేజర్ కొడితే, స్ఫటికానికి అటు చివర తెల్లకార్డు పట్టుకోవడం ల్యాబు అటెండరుగా నా పని. మొన్నా నిన్నా ఆటపట్టించడానికి కార్డు మీద కీచైన్ ఎర్రలైటు కొట్టి "వెలుగొచ్చిందే!" అని అరిచాను. పాపం, రెండుసార్లూ ఎగిరి గంతేసింది.

ఇవాళ నిజంగానే కార్డు మీద సన్నటి ఎర్రగీత పడింది.

"వొచ్చింది లక్ష్మీ, అమ్మతోడు!"

"సాల్లే మావయ్యా," అంది తలెత్తకుండానే. లేజర్ ఆపేసింది. కీచైన్ లేదని జేబులు తిరగేసి చూపించాను.

"ఏటి యాక్టింగో! ఖరిదా బజార్లో టికెట్టెట్టి ఆడు," అని నవ్వి, ఇంకాస్త కాలిస్తేనే వెలుగొస్తుందనుకుని స్ఫటికాన్ని మళ్లీ ఫర్నేసులో పెట్టింది. వేడి ఎక్కువైతే పడిన దారి చెరిగిపోతుందని నాకు చెప్పింది తనే.

ఇందాక ఇంటి నుంచి ఫోన్ చేశాను.

"పడుకో మావయ్యా, నాటకాలు రేపాడుదువు గాని," అని పెట్టేసింది.

ల్యాబు తాళం తన దగ్గరే ఉంది. ఫర్నేసు తెల్లవార్లూ కాలుతుంది. నాకు భయమో ఏడుపో రావాలి కదా. ఏదీ రావడం లేదు. ఊరికే గోడకేసి చూస్తూ కూర్చున్నాను...