కోర్టులో నాన్న పేరు

ధర్మపురి, మంగళవారం

చెల్లెమ్మ ఇలక్కియాకు, అన్న మాధవన్ రాసేది. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను.

ఫోన్ చేస్తే నాన్న పక్కనే ఉంటాడని కార్డు రాస్తున్నాను. ఇంట్లో తెలుగు అక్షరాలు నీకొక్కదానికే వచ్చు. మన మేకల బీడు కేసు నకలు నాలుగో రోజుకు దొరికింది. మన దగ్గర కేసు నంబరు లేక, రికార్డు రూములో గుమస్తా తొంభై ఆరు నాటి రిజిస్టర్లన్నీ తిరగేశాడు. నాన్న అనుకున్నట్టు జడ్జి మనకు ఎదురు తీర్పు ఇవ్వలేదమ్మా. మూడుసార్లు పిలిచినా మాదేశన్ రాలేదని కేసు కొట్టేశారు.

ఆ రోజు వకీలు రాలేదు గానీ నాన్న కోర్టు వరండాలోనే ఉన్నాడు. "పొద్దుగూకేదాకా ఆడే కూర్చున్నాను, నన్ను పిలవనే లేదు" అని ఇప్పటికీ అంటాడు కదా. ఆయనకు పెట్టింది ముత్తాత పేరు. తన మామ పేరు నోట పలకకూడదని అవ్వ ఆయన్ను దొడ్డప్ప అనే పిలిచింది, ఊరూ అట్లే పిలిచింది. మాదేశన్ అని అరిస్తే అది తననేనని ఆయనకు తట్టలేదు.

ఇంకేమైనా దారి ఉందా అని అడిగాను. గుమస్తా మన భాషవాడే. "ముప్పై ఏండ్లయిపోయింది గదప్పా" అని తల వంచుకున్నాడు.

నల్లమేక ఈనిందా? నాన్న కంటిచుక్కలు అయిపోకముందే పాలకోడు నుంచి తెప్పించు. శుక్రవారం బస్సుకు వస్తాను.

పిల్లలకు ముద్దులు, నాన్నకు దండాలు. కేసు సంగతి అడిగితే, ఆయన్ను పిలవలేదనే కాగితంలో ఉందని చెప్పు.