బాషా చెయ్యి, స్టాఫ్ జట్టు

బర్ దుబాయ్, 2006, శుక్రవారం

ఇది చదివేవాడివి ఎవరివైనా సరే, గేటు బయట నిలబెట్టినవాళ్ళని మర్చిపోయి లోపలివాళ్ళ రికార్డులకు చప్పట్లు కొట్టినవాడివే నువ్వు.

సాయంత్రం సైటు వెనక ఇసుకలో స్టాఫ్ బేస్‌బాల్ ఆడారు, సైటు గుమాస్తాగా నేనూ అక్కడే ఉన్నాను. కంచె దాటిన బంతిని మన కడప మేస్త్రీ బాషా అక్కణ్ణుంచే విసిరితే నేరుగా అమెరికన్ ఇంజనీరు చేతిలో పడింది. ఆయన మురిసిపోయి, వచ్చే శుక్రవారం మ్యాచ్‌కి ఇతన్ని తీసుకుందామన్నాడు. మా మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచేవాడు, తలెత్తకుండానే, "లేబర్ నహీ. స్టాఫ్ ఓన్లీ. ఖలాస్," అన్నాడు.

ఇంజనీరు పట్టుబట్టలేదు. టీ తాగుతూ తనకిష్టమైన ముచ్చట ఎత్తుకున్నాడు: వాళ్ళ దేశంలో ఫలానా మొనగాణ్ణి పాత జట్టు అమ్ముకోకపోయుంటే, ఫలానావాడి భుజం దెబ్బతినకపోయుంటే ఏమయ్యేదని. నాకు ఒళ్ళు మండింది. నల్లవాళ్ళని దాదాపు అరవై ఏళ్ళు పెద్ద లీగులోకి రానివ్వలేదు కదా, రానిచ్చి ఉంటే మీ రికార్డుల్లో ఎన్ని మిగిలేవని అడిగాను.

"అప్పటి రోజులు అలాంటివి," అన్నాడు.

కంచె అవతలే నిలబడి ఉన్న బాషాకి ఇదంతా తెలుగులో చెప్పాను.

"అంటే వాళ్ళు యాడా ఆడనేలేదా అన్నా?"

"ఆడారు, వేరే లీగు పెట్టుకుని."

"అయితే అది లేబర్ క్యాంపు లీగే లే అన్నా," అని నవ్వాడు. చేతికంటిన ఇసుక దులుపుకుంటూ, "నాకు ఒక్క మ్యాచి చాలు. ఈ చెయ్యి ఎన్నాళ్ళుంటాదో," అన్నాడు.

బాషా ఆడి ఉంటే ఏమయ్యేదని రేపు ఎవరూ ముచ్చట్లాడుకోరు. అలా అనుకోవడానికైనా పేరు తెలియాలి కదా...

ముదీర్‌ని అడగాల్సినవి: బాషా పేరు జట్టులో రాయాలి. మ్యాచ్ రోజు అతనికి ఓవర్‌టైం వెయ్యకూడదు. క్యాంపుకి బండి పంపాలి. కక్ష కట్టాలంటే నా మీద కట్టాలి, అతని మీద కాదు.