సీతాబాయి మీద సంతకం చేయను

అమీర్‌పేట,
1352 ఫసలీ, ఖుర్దాద్ 9.

జనానా దవాఖానాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
అమీర్‌పేటలో దర్జీ పని చేసుకొని బ్రతుకు వంగరి అంబదాస్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నర్సు సీతాబాయి సర్కారు మందు అమ్ముకొన్నదని నన్ను సంతకము చేయమనుట గురించి, నేను చేయననుట గురించి.

అయ్యా,

తమ కచేరీలో అర్జీలు ఉర్దూలోనే ఉండవలెనని గుమాస్తా చెప్పినాడు. ఇందులోని ప్రతి మాటను నా భార్యకు చదివి వినిపించి, ఆమె అవునన్న తరువాతనే పంపదలచినాను. ఆమెకు ఉర్దూ రాదు. కనుక తెలుగులో వ్రాసినాను. తర్జుమా చేయించుకొను భారము తమదే.

1. నా భార్య లచ్చవ్వకు మొదటి కాన్పు రెండేండ్ల క్రితము అయినది. బిడ్డ ఒక పూట కూడా బ్రతకలేదు. రక్తము పోయి లచ్చవ్వ రెండు నెలలు మంచము దిగలేదు. నిరుడు మళ్లీ నెల తప్పినది. ఐదవ నెల వచ్చుసరికి బిందె ఎత్తితే ఆయాసము, నిలబడితే కండ్లకు చీకట్లు. పెదవులు పాలిపోయినవి. ఆ దినములలోనే నా కుట్టుమిషను సొరుగులో సుద్దబిళ్లలు తగ్గసాగినవి. గుడ్డ మీద కొలత గీతలు గీయుటకు వాడు బిళ్లలవి. ఎలుకల పని అనుకొన్నాను. ఒకనాటి మధ్యాహ్నము అన్నమునకు లేచి లోపలికి పోగా, లచ్చవ్వ గోడవారన కూర్చొని వాటిని కొరుకుతున్నది.

"సిగ్గు లేదా?" అని గద్దించినాను.

"సుద్ద వాసనొస్తె నోరూరుతది. ఎందుకో నాకు సుత తెల్వది. ఆపుకుందామంటె ఆగుతలేదు" అని ఏడ్చినది.

దవాఖానా గుమాస్తా నన్ను క్షమాపణ వ్రాసి ఇయ్యమన్నాడు. ఈ మొత్తము వ్యవహారములో నేను క్షమాపణ చెప్పవలసినది ఆ ఒక్క మాటకే. అది లచ్చవ్వకు చెప్పినాను. మరెవరికీ బాకీ లేను.

2. మరునాడు ఆమెను పంజాగుట్ట దారిలోని సర్కారీ దవాఖానాకు తీసుకొనిపోయినాను. డాక్టరు గారు కుర్చీలో నుండి లేవలేదు. ఆమె ముఖమైనా చూడలేదు. సుద్ద సంగతి చెప్పగా, "గది చెడ్డ అలవాటు. నువ్వు జర గట్టిగ ఉంటె మానుకుంటది" అని పంపివేసినారు.

వరండాలో నర్సు సీతాబాయి మమ్ములను ఆపినది. లచ్చవ్వ కంటి కింది రెప్పను వేలితో లాగి చూసినది. గోళ్లు నొక్కి చూసినది.

"ఇది అలవాటు గాదన్నా, రోగం. ఒంట్ల ఇనుము అయిపోయింది. ఉన్న కొంచెం సుత కడుపుల బిడ్డకు పోతున్నది. గందుకే సుద్ద తినబుద్ధయితది. ఆమెను తిట్టకు" అన్నది.

లోపలికి పోయి డాక్టరు గారితో వాదించి, చీటీ మీద సంతకము పెట్టించి, ఇనుప మందు శీసా తెచ్చి ఇచ్చినది. ఆ సంతకము తమ రికార్డులో ఉండవలెను. వెదికించగలరు.

3. యుద్ధము వలన మందు కరువైనదట. గర్భిణి ప్రతి గురువారము స్వయముగా వస్తేనే శీసా ఇయ్యవలెనని, మగవాని చేతికి ఇయ్యరాదని దవాఖానా హుకుం. రెండవ గురువారమే లచ్చవ్వ ఎత్తు ఎక్కలేక దారిలో పడిపోయినది. నడువలేనంతగా రక్తము తగ్గిన మనిషిని, నడిచి వస్తేనే రక్తము పట్టు మందు ఇస్తామనుట ఏమి న్యాయము? ఈ హుకుం వ్రాసినవారు నిండు కడుపుతో ఆ ఎత్తు ఒక్కసారి ఎక్కినవారు కారు.

ఆ వారము నుండి సీతాబాయి, ఎర్రమంజిల్‌లోని తన ఇంటికి పోవలసిన మనిషి, పని దిగినాక ఎదురు దారిన అమీర్‌పేటకు నడిచి వచ్చి శీసా ఇచ్చిపోయినది. నాలుగు నెలలు అట్లే. ఆ మందు తుప్పు రుచి. లచ్చవ్వ మొదట కక్కుకొన్నది.

"అన్నం తిన్నంక తాగు. ఎంటనే నోరు పుక్కిలించు, లేకుంటె పండ్లు నల్లవడతయి. దొడ్డికి నల్లగొస్తె ఫికర్ జెయ్యకు" అని సీతాబాయి ఎదుట కూర్చుండి తాగించినది. ఎనిమిదవ నెలకు లచ్చవ్వ సుద్దబిళ్ల వైపు చూచుట తనంతట తానే మానివేసినది. పుష్యమాసములో ఆడపిల్ల పుట్టినది. మూడవ దినమున తల్లి లేచి కూర్చుండి అన్నమడిగినది.

4. బంజారా కొండల మీద బంగళాలకు కంకర కొట్టు చిలకమ్మ కూడా గర్భిణి. ఆమెకు సీతాబాయి మా ఇంటి దగ్గరనే మందు ఇచ్చుచుండెను. ఎవరో ఫిర్యాదు చేయగా ఏడవ నెలలో ఆ మందు ఆగినది. సీతాబాయిని పనిలో నుండి తప్పించినారు. చిలకమ్మకు బదులు నేను దవాఖానాకు పోతే, మగవాని చేతికి ఇచ్చేది లేదన్నారు. పోయిన నెలలో చిలకమ్మ కాన్పయి, తెల్లవారక ముందే చనిపోయినది.

మంత్రసాని రుద్రమ్మను అడిగినాను, రక్తము ఎక్కువ పోయినదా అని.

"మస్తు పోలేదు బిడ్డా. ఆమెకాడ ఉన్నదే గంత" అన్నది.

చిలకమ్మ కొడుకు బ్రతికినాడు. నా బిడ్డతో పాటు లచ్చవ్వ వానికీ పాలిచ్చుచున్నది.

5. గడచిన సోమవారము దవాఖానా గుమాస్తా నా దుకాణమునకు ఒక కాగితము వ్రాసి తెచ్చినాడు. సీతాబాయి నా వద్ద పైకము పుచ్చుకొని మందు అమ్మినదని అందులో ఉన్నది.

"దస్తఖత్ జెయ్. నీకేం గాదు."

"ఆమె ఏం దీసుకోలేదు" అన్నాను.

"గదంతా నీకెందుకు? జెయ్యకుంటె మీ ఇంటోళ్లకు దవాఖానా బంద్. మాఫీ రాసిచ్చి కాళ్లు మొక్కాల్సొస్తది."

లచ్చవ్వ లోపలి నుండి వచ్చి గడపలో నిలబడినది. "ఏం దీస్కున్నదో నేను చెప్త, రాస్కో. నాలుగు నెలల్ల ఒక్కసారి మంచినీళ్లడిగింది. ఇచ్చిన. గదే రాయి."

గుమాస్తా అది వ్రాసుకొనలేదు. కనుక నేను వ్రాసినాను.

కావున సీతాబాయిని తిరిగి పనిలోకి తీసుకొనవలెననియు, నడువలేని గర్భిణులకు మందు ఇంటికే పంపవలెననియు, డాక్టరు గారు కుర్చీలో నుండి లేచి ఆడవారి కంటిరెప్ప లాగి చూడవలెననియు ~~వేడుకొనుచున్నాను~~. చిలకమ్మ మరణమును తమరు స్వయముగా విచారించి చిత్తగించవలెను.

సీతాబాయి సంగతిలో తప్ప మిగిలిన అన్నింటిలో
తమ విధేయుడు,
వంగరి అంబదాస్

తా.క. కడపటి పేరా చదివి వినిపించగా నా భార్య ఒప్పుకొనలేదు. "బతిమిలాడినట్టు రాసినవేంది? కొట్టెయ్. అడుగుతున్నమని రాయి" అన్నది. స్టాంపు కాగితము మరొకటి లేదు. గీత కొట్టిన చోట "అడుగుచున్నాము" అని చదువుకొనగలరు. జవాబు కొరకు గురువారము పొద్దున ఇద్దరు పిల్లలనూ ఎత్తుకొని వచ్చి తమ కచేరీ మెట్ల మీద కూర్చుంటానని కూడా అంటున్నది. నేను ఆపదలచుకోలేదు.