పది లక్షల తొమ్మిది

కొత్తగూడెం, 12 జూలై 2004

ప్రియమైన బాపుకు,

హేమ్లి నమస్కారాలు. హాస్టల్లో బాగానే ఉన్నాను. కాలేజీలోనే బాగాలేదు.

లెక్కల లెక్చరర్ బసవపున్నయ్య సారు పోయిన వారం బోర్డు మీద 1000009 రాసి, ఇది ప్రధాన సంఖ్య అన్నారు. అంటే ఒకటీ, అదీ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించదు. "అనుమానముంటే భాగించి చూస్కోండ్రి" అని నవ్వారు.

నేను చూశాను బాపూ. నాలుగు రోజులు పట్టింది. రెండు, మూడు, ఐదు, ఏడు... అరవై ఒక్క ప్రధాన సంఖ్యలతో భాగిస్తే ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. అరవై రెండోది 293. ఏమీ మిగల్లేదు! 293ను 3413తో గుణిస్తే సరిగ్గా 1000009.

క్లాసులో లేచి చెప్పాను. "గైడుల ఉన్నది తప్పా? తండా నుంచి వచ్చి నాకే నేర్పుతవా?" అని బయట నిలబెట్టారు. నా లెక్కే తప్పని ఒప్పుకుని ఇరవయ్యో తేదీలోగా క్షమాపణ రాసివ్వాలట. లేకపోతే టీసీ ఇస్తారట.

నేను రాయను.

మీ హేమ్లి

బూర్గంపాడు, 15 జూలై

బంగారు బిడ్డ హేమ్లికి,

బాపు దీవెనలు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ అన్నం ముట్టలేదు. మన తండాలో కాలేజీ దాకా పోయిన ఆడపిల్లవు నువ్వొక్కదానివే. ఆ సంఖ్య ఎట్లుంటే మనకేంది? సారంటే సారు. రెండు ముక్కలు రాసివ్వు, చెయ్యి అరిగిపోదు. నువ్వు తిరిగొస్తే నీ చెల్లెళ్లను ఎవరు చదవనిస్తారు?

ఇట్లు, నీ బాపు పూల్‌సింగ్

కొత్తగూడెం, 20 జూలై

ప్రియమైన బాపుకు,

మీ మాట సగం విన్నాను. "గొంతు పెంచినందుకు క్షమించండి. లెక్కకు మాత్రం క్షమాపణ లేదు" అని రాసిచ్చాను. సారు చింపేశారు.

లైబ్రరీ తోమాసు గారు ఒక పాత పుస్తకం ఇచ్చారు. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదట. వెయ్యి వర్గానికి మూడు వర్గం కలిపితే 1000009. 972 వర్గానికి 235 వర్గం కలిపినా అదే! ఇక ఎవరు బెదిరించినా నా మాట మారదు.

ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని సోమవారం రమ్మన్నారు. రండి. కానీ నా కోసం ఎవరి కాళ్లూ పట్టుకోకండి.

హేమ్లి

బూర్గంపాడు, 28 జూలై

నా తల్లి హేమ్లికి,

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో ఏం జరిగిందని బస్టాండు దాకా అడుగుతూనే ఉన్నావు. అప్పుడు చెప్పకుండానే బస్సెక్కాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను కాళ్లు పట్టుకోవడానికే వచ్చాను బిడ్డా. నా బిడ్డదే తప్పని కాగితం రాసిపెట్టి ప్రిన్సిపాలూ మీ లెక్కల సారూ సంతకం చేయమన్నారు. పెన్ను తీసుకున్నాను. ఆ కాగితంలో నువ్వు చెప్పిన 293, 3413 కనబడ్డాయి. "ఒక్కపాలి గుణించి చూస్త సారూ" అన్నాను. అయిదో తరగతి చదివినవాణ్ణి, గుణకారం వచ్చు కదా. ఆ కాగితం వెనకే గుణించాను. ఒకటి, ఐదు సున్నాలు, తొమ్మిది. మళ్లీ చేశాను. మళ్లీ అదే.

"గైడుల అట్ల లేదు" అన్నాడు సారు.

"గైడు సంగతి నాకెర్క లేదు. మీరు గుణించుండ్రి" అన్నాను. ఆయన పెన్ను ముట్టలేదు. ప్రిన్సిపాలే తీసుకుని గుణించాడు. కాగితం పక్కన పెట్టి, "పిల్లను క్లాసుకు పొమ్మను" అన్నాడు. సారు నీకు క్షమాపణ చెప్పడు. ఎదురు చూడకు.

నేను చెప్తున్నాను. నీ మొదటి ఉత్తరంలోనే ఆ రెండు సంఖ్యలూ ఉన్నాయి. ఇంట్లో పలకా బలపమూ ఉన్నాయి. గుణించకుండానే నిన్ను తల వంచమన్నాను. సారు చేసిందీ అదే, నేను చేసిందీ అదే. నన్ను క్షమించు బిడ్డా.

నిన్ను నమ్మిన
బాపు