రెండో పేజీ చెల్లెలు

చెల్లెమ్మకు అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ముట్లు ఆగి ఏడాదైంది కదా, అప్పటినుంచీ ఒంట్లో ఎవరో పొయ్యి రాజేసినట్టుంది. నిద్ర లేదు. మొన్న బస్సు నడుపుతుంటే మెడలోంచి ఆవిరి ఎగదన్నింది. బండి పక్కకు తీసి, దిగి నీడన నిలబడ్డాను. నలభై మంది కిటికీల్లోంచి నన్నే చూశారు. ఇంకోసారి ఇలాగైతే టికెట్ల గదిలో కూర్చోవాలన్నాడు డిపో మేనేజరు. ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టినదాన్ని, ఆ గదిలో నాకు పిచ్చెక్కుతుంది. డాక్టరమ్మ హార్మోన్ మాత్రలు రాసిచ్చింది. రేపే మొదలు.

ఉంటాను, అక్క.

తా.క. మీ బావ నాకోసం చేతి ఫ్యాను కొన్నారు. నేను అడిగినప్పుడల్లా ఆయనకే ఉక్కపోస్తోంది.

*

అక్కకు నమస్కరించి చెల్లెలు రాసేది.

ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. ఆ మాత్ర వేసుకోకు. దాని పెట్టెలో మడిచిపెట్టే కాగితం మా ప్రెస్సులోనే అచ్చవుతుంది. తొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నది నేనే. రక్తం గడ్డకట్టవచ్చు, పక్షవాతం రావచ్చు, రొమ్ము క్యాన్సర్ రావచ్చు. కామాలతో సహా కంఠతా వచ్చు నాకు.

భయంతో, చెల్లి.

తా.క. చిరాకు కూడా ఉంది అందులో. అది నీకు పుట్టుకతోనే ఉంది గనుక వదిలెయ్.

*

చెల్లెమ్మకు, బతికుండగానే అక్క రాసేది.

నీ ఉత్తరం అందేలోపే మూడు మాత్రలు మింగేశాను. చదివి మడిచేసరికి పిక్క లాగింది, గుండె దడదడలాడింది. మాత్రలు ఆపేశాను. గ్యాసు బుక్కు ఎక్కడుందో మీ బావకు చూపించాను. ఆకుపచ్చ చీర మా ఆడపడుచుకు ఇచ్చేశాను. ఈలోగా బస్సు మరో రెండుసార్లు ఆగింది. నెలాఖరుకు తేలుస్తానన్నాడు మేనేజరు.

అక్క.

తా.క. ఆడపడుచు ఆ చీర కట్టుకుని నన్ను చూడటానికి వచ్చింది. నేను లేచి తిరుగుతుంటే పాపం కాస్త ఇబ్బంది పడింది.

*

అక్కకు, తప్పు ఒప్పుకుంటూ చెల్లెలు.

మా ప్రెస్సులో ఆ కాగితం రెండు పేజీలు. మొదటిది పక్క బల్ల ఆయన దిద్దుతాడు, రెండోది నేను. ఒకరి పేజీ ఇంకొకరు ముట్టుకోకూడదని మా పెద్దాయన నియమం. చీర సంగతి చదివాక ఉండబట్టలేక ఆయన పేజీ లాక్కుని చదివాను. ఆవిర్లు తగ్గుతాయట, నిద్ర పడుతుందట, ఎముకలకూ మంచిదట. అరవై లోపు వయసుండి, ముట్లు ఆగి పదేళ్లు దాటనివాళ్లలో చాలామందికి మేలే ఎక్కువట. నా పేజీలోవి అబద్ధాలు కావు. అవి కొద్దిమందికే వస్తాయన్న ముక్క ఆయన పేజీలో ఉంది. డాక్టరమ్మతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడిగిందా? నువ్వేం చెప్పావు?

చెల్లి.

తా.క. పక్క బల్ల ఆయన ఇన్నేళ్లూ మొదటి పేజీలే చదివి ప్రతి మందూ అమృతమనుకుంటున్నాడు. దగ్గు లేకపోయినా దగ్గుమందు తాగుతాడు.

*

చెల్లెమ్మకు దీవెనలు.

అమ్మయ్య. డాక్టరమ్మ సరేనంది, ఇవాళ పొద్దున మళ్లీ మొదలుపెట్టాను. అడగకేం, మొదట్లోనే అడిగింది, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని. మావన్నీ ఇనప కాళ్లు, మా చెల్లెలు ప్రెస్సు మెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగుతుందని గొప్పగా చెప్పాను.

అక్క.

తా.క. ఆడపడుచును చీర తిరిగి అడిగితే, "మళ్లీ ఎలా ఉంటుందో ఏమో, ఇక్కడే ఉండనీ వదినా" అంది.

*

అక్కా,

ఇది మీ డిపోకు వచ్చే కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపటి మాత్ర వేసుకోకు. ఈసారి కాగితం చూసి చెప్పడం లేదు. రెండేళ్ల కిందట కాలు బెణికిందని నెల సెలవు పెట్టానే, అది బెణుకు కాదు. పిక్కలో రక్తం గడ్డకట్టింది. కొంచెం ఆలస్యమైతే ఊపిరితిత్తులకు పాకేదన్నారు. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు. ప్రెస్సులో గడ్డల వరుస వచ్చిన ప్రతిసారీ రెండుసార్లు దిద్దుతాను. డాక్టరమ్మకు నా సంగతి చెప్పు.

నీ చెల్లెలు.

*

చెల్లెలికి,

దీవెనలు తర్వాత. ఉత్తరం అందగానే డ్యూటీ ఇంకొకరికి అప్పగించి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ కలం కింద పెట్టేసి, "ముందే ఎందుకు చెప్పలేదు?" అంది. నాకే తెలియదన్నాను. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. మాత్రలు మాన్పించి, అదే హార్మోన్‌ను చర్మం మీద అంటించుకునే పట్టీగా ఇచ్చింది. దానితో మాత్రలకున్నంత గడ్డల భయం లేదట. గర్భసంచికి కాపలాగా వేరే మాత్ర ఇచ్చి, మూడు నెలల్లో మళ్లీ రమ్మంది. ఆవిడ రాసిచ్చిన చీటీ చూసి మేనేజరు అప్పటిదాకా ఆగుతానన్నాడు. నెల రోజులు నువ్వు ఒక్కదానివే ఆ మంచం మీద పడుంటే, నేనిక్కడ ఊరి జనాన్ని వాళ్ల వాళ్ల ఇళ్ల దగ్గర దింపుతూ తిరిగాను. నీమీద కోపం ఇంకా తగ్గలేదు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను.

అక్క.

తా.క. లేచి వస్తుంటే డాక్టరమ్మ, "మీ చెల్లెలికి ఆవిర్లు లేవా?" అంది. నలభై ఎనిమిదే, దానికేం లేవన్నాను. "ఆమె చెప్పిందా, మీరు అడిగారా?" అంది. అడగలేదు. నీకు ఈ హార్మోన్లు పడకపోవచ్చట, వేరే మందులున్నాయట. ఆదివారం అడుగుతాను. బెణికిందని మాత్రం చెప్పకు.