పొడి నేల అని రాసిన

మంగళవారం, రాత్రి

పొద్దున నార్సింగి అవతల మా టెస్ట్ గ్రౌండ్‌ల మందుపాతరలు తీసే మిషన్‌ను నడిపినం. గొలుసుల చివరి సుత్తెలు గిరగిర తిరిగి నేలను చితక్కొట్టినయి. పాతిపెట్టిన డమ్మీలల్ల ఒక్కటి మిగల్లేదు, ఒక్క సుత్తె ఊడలేదు. హైటెక్ సిటీ ఆఫీసుల వీడియో చూసి చప్పట్లు కొట్టిన్రట. నేల ఎట్లుందో రాసే గడిలో 'పొడి, గట్టి' అని రాసి సంతకం పెట్టిన.

ఇంటికొచ్చి బూట్లు విప్పితే బూటు మడమల కింద ఇంకా తడి ఆరని మట్టి. వాన పడక ఎన్ని రోజులాయె!

గ్రౌండ్ చూసుకునే యాదగిరన్నకు ఫోన్ చేసిన.

"అవు మేడం, నిన్న పొద్దుగూకినంక ట్యాంకర్ పెట్టి తడిపిన. గట్టి మొరం రాళ్ళ నేలాయె, సుత్తెలు ఖరాబైతయని. దున్నే ముందు తడుపుతం గదా" అన్నడు, మురిపెంగ.

ఆయన్నేమని తిట్టాలె? పైన ఎండిన పొర చూసి రాసింది నేను. వంగి చెయ్యి పెట్టి చూడలేదు. మెత్తటి నేలల ఏ మిషనైనా పాసైతది.

మేనేజర్‌కు చెప్పిన. "రిపోర్టు పోయింది గదా, ఇగ పరేషాన్ ఎందుకు? రేపు మాట్లాడుదాం" అన్నడు. రేపు ఏం మాట్లాడుతడో నాకు తెలుసు.

ఎక్కడనో ఆ మిషన్ తిరిగిన చేన్ల, నా రాతను నమ్మి ఎవరో నడుస్తరు. ఆ నేలను ముందుగాల ఎవరూ తడపరు. వాళ్ళ కాళ్ళకు బూట్లన్న ఉంటయో ఉండయో.