నూట ఎనభై రెండో రోజు

ఆగస్టు 31, ఆదివారం

నిన్న సాక్చీ బజారులో ఆడిటర్ గారి దగ్గర రెండు గంటలు. "ఏప్రిల్ ఒకటి నుంచి లెక్కపెట్టు బేటీ," అన్నారాయన. మార్చి ఆఖరులోపు మొత్తం నూట ఎనభై రెండు రోజులు ఇండియాలో ఉంటే నేను ఇక్కడి రెసిడెంట్‌ని. మస్కట్‌లో చేరబోయే ఉద్యోగం జీతానికీ ఇక్కడ పన్ను కట్టాలి. ఒక్కరోజు తగ్గినా చాలు, ఆ జీతం జోలికి ఇక్కడెవరూ రారు. బయల్దేరే రోజు కూడా ఇక్కడి రోజే. లెక్క తప్పితే పోయేది ఇంచుమించు నెల జీతం.

ఇంటికొచ్చి చెబితే ఈయన పెన్సిల్ పట్టుకుని గోడ క్యాలెండర్ ముందు నిలబడ్డారు. పెళ్లి ముహూర్తానికి కూడా ఇంత శ్రద్ధ చూపలేదు. "సెప్టెంబర్ ఇరవై ఎనిమిదికి నూట ఎనభై ఒకటి. ఆ రేతిరి ఇమానం ఎక్కుదువుగాని. ఒక్క రోజు ముందు కూడా ఒగ్గను లచ్చూ."

ముద్దొచ్చారు.

సెప్టెంబర్ 2

టికెట్ ఈయనే బుక్ చేశారు. నన్ను ఫోన్ ముట్టుకోనివ్వలేదు.

సెప్టెంబర్ 7

ఇరవై ఎనిమిది ఆదివారం. ఆ రోజు సెలవు కోసం తోటి క్రేన్ ఆపరేటర్‌కి బదులుగా రెండు డబుల్ డ్యూటీలు చేశారట. నా సెలవు ఆదివారం, ఈయన సెలవు వారం వారం మారుతుంది... ఇద్దరికీ ఒకే రోజు దొరికి మూడు నెలలు. ఏం చేద్దాం అని అడిగితే, "ఏటీ సెయ్యొద్దు. కోడి నాను వండుతాను. నువ్వలాగ కూకో." మధ్యాహ్నం ఇద్దరం రైల్లో హౌరాకి, అక్కణ్ణించి ఎయిర్‌పోర్టుకి.

రెండేళ్లు. ఈ మనిషిని వదిలి రెండేళ్లు ఎలా ఉంటానో నాకు తెలియదు. వెల్డింగ్‌లో పగుళ్లు కనిపెట్టడం తప్ప నాకేమీ రాదు, ఆ పనికి అక్కడ మంచి జీతం ఇస్తున్నారు. అంతే.

సెప్టెంబర్ 12

సూట్‌కేస్‌లో చింతపండు. తీశాను. మళ్లీ పెట్టారు.

సెప్టెంబర్ 18

ఆడిటర్ గారికి టికెట్ చూపించాను. కళ్లజోడు సర్దుకుని, "ఇది ఇరవై తొమ్మిది కదా," అన్నారు. తెల్లవారుజామున మూడూ నలభై. అది ఇరవై ఎనిమిది రాత్రే కదండీ అన్నాను నేను. ఆయన నవ్వలేదు. పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసేవాళ్లకి అర్ధరాత్రి దాటితే తారీఖు మారుతుందట.

నూట ఎనభై రెండు.

ప్లాంట్‌లో రోజు పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. రాత్రి పదికి ఎక్కిన సి షిఫ్ట్ మనిషి తెల్లవారి నాలుగింటికి క్రేన్ మీదున్నా, హాజరు నిన్నటి తారీఖులోనే పడుతుంది. పదమూడేళ్లుగా ఈయనకదే అలవాటు, తొమ్మిదేళ్లుగా నాకూ అదే. టికెట్ మీద 29 అని అంత పెద్దగా ఉంది. ఇద్దరం చూశాం, ఇద్దరం ఇరవై ఎనిమిదే అనుకున్నాం.

సెప్టెంబర్ 19

చెప్పాను. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారు, తినలేదు. "నా బుర్ర తగలెయ్య." తిట్టుకోవద్దన్నా వినరు.

రోజుకి ఒకటే విమానం, అదీ ఆ వేళకే. ముందు రోజుది ఎక్కితే నూట ఎనభై ఒకటి, పన్ను లేదు. కానీ శనివారం మధ్యాహ్నమే రైలెక్కాలి. ఆ వారమంతా ఈయనకి బి షిఫ్ట్, రెండు నుంచి పది. ఇంకో సెలవు పుట్టదు. ఒక్కదాన్నే వెళ్లాలి. ఆదివారం ఉండదు.

సెప్టెంబర్ 21

"శనివారవే ఎల్లిపో లచ్చూ. ఒక్క ఆదివారం కోసం నెల జీతం పోగొట్టుకుంతావా? అదెలాగొత్తాది మళ్లీ? ఇంకో నెల ఎక్కువ ఉండాలి గదా అక్కడ."

"మీకు నన్ను పంపేయాలని తొందరగా ఉందేంటి?"

"ఔను మరి. బేగి ఎల్తే బేగి వత్తావు."

కోపం వచ్చింది. ఇంత ప్రేమ ఉన్న మనిషి ఇంత లెక్కగా మాట్లాడితే ఎవరికి రాదు. వంటింట్లోకి వచ్చి వెనక నిలబడ్డారు. నేను తిరగలేదు... కాసేపటికి తిరిగాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

టికెట్ మార్చుకోవడానికి ఈ సాయంత్రం ఆరు వరకే గడువు.

మూడింటికి ప్లాంట్ నుంచి ఈయన మెసేజ్ — హిందీలో. సంగతి పెద్దదైతే హిందీలోకి వెళ్లిపోతారు. ఆదివారం డ్యూటీకి ఒప్పుకున్నారట, సెలవు ఆ తోటి ఆపరేటర్‌కే తిరిగి ఇచ్చేశారట. నువ్విక ఆలోచించకు అని.

నా కోసం చేసిన పని. నన్ను అడక్కుండా చేసిన పని. ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో... కొట్టేదాన్ని, పట్టుకుని ఏడ్చేదాన్ని.

ఇంకా మార్చలేదు. ఆదివారం డ్యూటీలో ఉన్నా మధ్యాహ్నం రెండు దాకా ఇంట్లోనే ఉంటారు కదా. ఆ రైలు తర్వాత ఇంకో రైలు ఉంది. స్టేషన్‌కి ఒక్కదాన్నే వెళ్లగలను. కోడి వండకపోయినా ఫర్వాలేదు. ఆ కొన్ని గంటలకి నెల జీతం ఎక్కువేనా?

ఆయన్ని అడగను. అడిగితే వెళ్లిపో అంటారు, నేను వెళ్లిపోతాను.

ఐదుంపావు.